వన్‌వే మెసేజ్, వేలాడే క్లయింట్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో చాలా వరకు ఒకే గుంతలో పడ్డవాళ్లవి. వెబ్ సర్వీస్ కోసం సొంతంగా ట్రాన్స్‌పోర్ట్ (మెసేజ్‌ని తీగ మీద మోసే పొర) రాసుకున్నారు, అడిగి జవాబు తెచ్చుకునే కాల్స్ బాగానే నడిచాయి, కాంట్రాక్టులో (సర్వీస్ ఏయే మెథడ్లు ఇస్తుందో చెప్పే జాబితాలో) ఏదో ఒక మెథడ్‌ని వన్‌వే, అంటే జవాబు మెసేజ్ రానిది, అని మార్చగానే ఎక్కడో ఒకచోట ఆగిపోయింది. అందుకని మిగతా సంగతులు వచ్చే నెలకి వాయిదా వేసి ఈసారి పేజీలన్నీ దీనికే ఇచ్చేశాం. ప్రశ్నల్ని కాస్త కుదించాం, కంపెనీల పేర్లు తీసేశాం.

ప్రశ్న: నమస్తే సర్. మాది సిమెంటు ఫ్యాక్టరీల్లో లారీల కాటా సాఫ్ట్‌వేర్. కాటా దగ్గరున్న కంప్యూటర్ నుంచి ఆఫీసు సర్వర్‌కి బరువులు పంపడానికి మైక్రోసాఫ్ట్ వెబ్ సర్వీస్ ఫ్రేమ్‌వర్క్ డబ్ల్యూసీఎఫ్‌లో సొంత టీసీపీ ట్రాన్స్‌పోర్ట్ రాశాం. జవాబు వచ్చే కాల్స్ అన్నీ ఏళ్లుగా నడుస్తున్నాయి. జవాబు ఎలాగూ వాడట్లేదు కదా అని ఈమధ్య బరువు నమోదు చేసే మెథడ్‌ని వన్‌వే చేశాం. అప్పట్నుంచి ప్రతి కాల్ దగ్గరా క్లయింట్ కచ్చితంగా ఒక నిమిషం ఆగి టైమౌట్ అంటోంది. సర్వర్ లాగులో చూస్తే మేం రాసిన రిప్లై మెథడ్ లోపల నల్ రిఫరెన్స్ ఎర్రర్. బయట లారీలు లైను కడుతున్నాయి, చాలా టెన్షన్‌గా ఉంది. (మాదాపూర్, హైదరాబాద్)

జవాబు: ముందు ఆ నల్ (ఏ వస్తువూ లేదని చెప్పే విలువ) సంగతి. అది ఎక్కడో పొరపాటున వచ్చిన నల్ కాదండీ, డబ్ల్యూసీఎఫ్ కావాలని మీ చేతికిస్తున్న నల్.

డబ్ల్యూసీఎఫ్‌లో ఛానెళ్లకి ముఖ్యంగా మూడు ఆకారాలున్నాయి. పంపి వదిలేసే రకం ఒకటి, దాంట్లో పంపేవైపు అవుట్‌పుట్ ఛానెల్, అందుకునేవైపు ఇన్‌పుట్ ఛానెల్ ఉంటాయి. అడిగి జవాబు తెచ్చుకునే రకం రెండోది, రిక్వెస్ట్ ఛానెల్, రిప్లై ఛానెల్ అంటారు. ఎవరైనా ఎప్పుడైనా పంపుకోగలిగేది డ్యూప్లెక్స్. మీరు రాసింది రెండో రకం, కాంట్రాక్టులో వన్‌వే అని రాసినంత మాత్రాన అది మొదటి రకం అయిపోదు. డబ్ల్యూసీఎఫ్ చేసేదల్లా ఉన్న రిక్వెస్ట్ ఛానెల్ మీదే మెసేజ్ పంపి, ఆ కాల్ నుంచి వెనక్కి నల్ రావాలని చూడటమే. ఖాళీ బాడీ ఉన్న మెసేజ్ అనుకోకండి, అసలు మెసేజే ఉండకూడదు. మీరు మంచితనంతో ఒక ఖాళీ మెసేజ్ తయారుచేసి ఇచ్చారనుకోండి, వన్‌వే ఆపరేషన్ నల్ కాని మెసేజ్ తిరిగిచ్చింది అంటూ ప్రోటోకాల్ ఎక్సెప్షన్ విసురుతుంది. ఒక బగ్ తీసేయబోయి ఈ ఎర్రర్ దగ్గర తేలిన ఉత్తరాలు ఈసారి కూడా వచ్చాయి.

సర్వర్ వైపు కథ దీనికి అద్దంలో బొమ్మ. వన్‌వే మెసేజ్ రాగానే డబ్ల్యూసీఎఫ్ మీ సర్వీస్ మెథడ్‌ని పిలవకముందే, మీరు పైకి ఇచ్చిన రిక్వెస్ట్ కాంటెక్స్ట్ మీద రిప్లై మెథడ్‌ని నల్‌తో పిలుస్తుంది. "ఇక్కడ జవాబంటూ ఏమీ ఉండదు, నీ వైపు పని ముగించుకో" అని దానర్థం. మీ కోడ్ ఆ నల్‌ని తీసుకెళ్లి తిన్నగా ఎన్‌కోడర్‌కి ఇస్తోంది, అక్కడ పేలుతోంది, దాంతో తీగ మీదకి ఒక్క బైటు కూడా వెళ్లట్లేదు, అవతల క్లయింట్ జవాబు కోసం సాకెట్ చదువుతూ కూర్చుంటోంది. ఆ నిమిషం ఎక్కడిదంటారా, బైండింగ్‌లో (ఏ ట్రాన్స్‌పోర్ట్, ఏ సెట్టింగులు వాడాలో చెప్పేది) సెండ్ టైమౌట్ మీరేమీ మార్చకపోతే ఒక నిమిషమే.

సరిచేయడానికి మెథడ్ మొదట్లో 'నల్ అయితే వెనక్కి పో' అని ఒక ఇఫ్ పెడితే సర్వర్ ఎర్రర్ పోతుంది, క్లయింట్ మాత్రం అలాగే వేలాడుతుంది. ఎందుకంటే అవతల ఉన్న మీ రిక్వెస్ట్ మెథడ్‌కి ఇది వన్‌వేనా రెండు వైపులదా అన్నది తెలీదు, రెండింటికీ అదే మెథడ్, అవే ఆర్గ్యుమెంట్లు. యాక్షన్ హెడర్ చూసి ఊహించే కోడ్ రాసేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి, రేపు కాంట్రాక్టులో ఇంకో మెథడ్ చేరితే ట్రాన్స్‌పోర్ట్ కూడా మార్చాల్సి వస్తుంది. 'జవాబు లేదు' అన్న సంగతిని కూడా తీగ మీదే చెప్పాలి. మీ ఫ్రేమింగ్‌లో (ఒక మెసేజ్ ఎక్కడ ముగుస్తుందో తెలిపే పద్ధతిలో) మెసేజ్‌కి ముందు నాలుగు బైట్ల పొడవు పంపుతున్నారని రాశారు కాబట్టి మీ పని సులువు. రిప్లైలో నల్ వస్తే పొడవు సున్నా అని రాసి ఫ్లష్ చేయండి. క్లయింట్ పొడవు చదివి అది సున్నా అయితే నల్ తిరిగివ్వాలి. అంతే. హెచ్‌టీటీపీ ట్రాన్స్‌పోర్ట్ చేసేదీ ఇదే, కాకపోతే అక్కడ సున్నా బదులు ఖాళీ బాడీతో 202 ('తీసుకున్నాం' అనే స్టేటస్ కోడ్) వెళ్తుంది.

సున్నా పంపే బదులు కనెక్షన్ మూసేస్తే సరిపోదా అని కొందరికి అనిపిస్తుంది. సరిపోదు. సర్వర్ కుప్పకూలినా కనెక్షన్ మూతపడుతుంది, అప్పుడు "అందింది" అన్నదానికీ "చచ్చిపోయాను" అన్నదానికీ క్లయింట్ దగ్గర తేడా ఉండదు.

ఇంకో రెండు విషయాలు చూసుకోండి. మెసేజ్ డీకోడ్ కాకపోయినా, యాక్షన్ దేనికీ సరిపోకపోయినా సర్వర్ ఫాల్ట్ (ఎర్రర్‌ని చెప్పే మెసేజ్) తయారుచేసి రిప్లైకి ఇవ్వొచ్చు, వన్‌వే అని దాన్ని మింగేయకుండా మామూలు ఫ్రేమ్‌గానే పంపండి. క్లయింట్‌లో అది ప్రోటోకాల్ ఎక్సెప్షన్‌గా తేలుతుంది, ఫాల్ట్‌లోని కారణం కూడా అందులో కనిపిస్తుంది, లాగులు వెతికే బాధ తగ్గుతుంది. రెండోది, పంపడం అయిపోయాక మెసేజ్‌ని క్లోజ్ చేయాల్సింది మీ ఛానెలే. జవాబు వచ్చే దారిలో క్లోజ్ చేసి, నల్ దారిలో మర్చిపోవడం మామూలే, పెద్ద బఫర్లు పూల్‌కి తిరిగి వెళ్లక మెమరీ మెల్లగా పెరుగుతుంటే ముందు అక్కడే చూడండి.

ఇదంతా వద్దు, పంపి వదిలేసే ఆకారమే కావాలి అనుకుంటే మీ బైండింగ్ ఎలిమెంట్ అవుట్‌పుట్, ఇన్‌పుట్ ఛానెళ్లని కట్టేలా రాసుకోవచ్చు, మైక్రోసాఫ్ట్ ఇచ్చిన యూడీపీ శాంపిల్ అలాంటిదే. కానీ అదే కాంట్రాక్టులో జవాబు కావాల్సిన మెథడ్ ఒక్కటున్నా, ఈ బైండింగ్ రెండు వైపుల సంభాషణకి పనికిరాదు అంటూ ఓపెన్ చేసేటప్పుడే ఎర్రర్ వస్తుంది. మీ కాంట్రాక్టులో రెండు రకాలూ ఉన్నాయి కాబట్టి సున్నా ఫ్రేమ్ దారే మేలు. రిక్వెస్ట్-రిప్లై ట్రాన్స్‌పోర్ట్ మీద వన్‌వే ఆకారం కట్టిపెట్టే వన్‌వే బైండింగ్ ఎలిమెంట్ అని ఒకటి డబ్ల్యూసీఎఫ్‌లోనే ఉంది. అది పెట్టినా కింద రిప్లై మెథడ్‌కి నల్ రావడం తప్పదు, కాబట్టి మీ బగ్ అక్కడే ఉంటుంది.

ప్రశ్న: మెథడ్ వాయిడ్ (ఏ విలువా తిరిగివ్వనిది) అయితే అది వన్‌వే అయినట్టే కదా? మా టీమ్ లీడ్ కాదంటున్నారు, ఎందుకో చెప్పట్లేదు. (విజయవాడ)

జవాబు: మీ టీమ్ లీడ్ చెప్పిందే నిజం. వాయిడ్ మెథడ్‌కి కూడా పని పూర్తయ్యాక జవాబు మెసేజ్ వస్తుంది, దాని బాడీలో విలువ ఉండదంతే. పని మధ్యలో ఎర్రర్ వస్తే అదే దారిలో ఫాల్ట్ వస్తుంది. వన్‌వేలో ఆ దారే లేదు. అందుకే డబ్ల్యూసీఎఫ్ వన్‌వే మెథడ్ మీద ఫాల్ట్ కాంట్రాక్ట్ పెట్టనివ్వదు, జావా వెబ్ సర్వీసుల ప్రమాణం జాక్స్-డబ్ల్యూఎస్‌లో అయితే వన్‌వే మెథడ్ వాయిడ్‌గానే ఉండాలి, చెక్డ్ ఎక్సెప్షన్లు ప్రకటించకూడదు, బయటికి విలువ మోసుకెళ్లే హోల్డర్ పారామీటర్లు ఉండకూడదు. సర్వీస్‌ని వివరించే డబ్ల్యూఎస్‌డీఎల్ 1.1 ఫైల్ తెరిచి చూడండి, వన్‌వే ఆపరేషన్‌కి ఇన్‌పుట్ ఒక్కటే రాసుంటుంది, వాయిడ్ మెథడ్‌కి ఇన్‌పుట్, అవుట్‌పుట్ రెండూ రాసుంటాయి.

ప్రశ్న: మేం అపాచీ సీఎక్స్ఎఫ్‌తో (జావా వెబ్ సర్వీస్ ఫ్రేమ్‌వర్క్) సొంత ట్రాన్స్‌పోర్ట్ చేశాం, లోపల ఒక మెసేజ్ బ్రోకర్ (మెసేజ్‌లు తీసుకుని అందించే మధ్యవర్తి) ఉంది. వన్‌వే మెసేజ్‌లు అప్పుడప్పుడు సగం ఎక్స్‌ఎంఎల్ దగ్గర తెగిపోయాయని పార్సర్ ఎర్రర్ ఇస్తోంది. ఒక్కోసారి ఒక మెసేజ్‌లో ఇంకో మెసేజ్ ముక్క కూడా కనిపించింది, నమ్మండి. రెండు వైపుల కాల్స్‌లో ఇది ఎప్పుడూ రాలేదు. లోడ్ పెరిగితే ఎక్కువవుతోంది. (విశాఖపట్నం)

జవాబు: నమ్ముతాం. ఇంకో మెసేజ్ ముక్క కనిపించిందన్న మాటతోనే సగం సమాధానం దొరికింది, మీరు బఫర్లు తిరిగి వాడుకుంటున్నారు.

సీఎక్స్ఎఫ్ సర్వర్ వైపు వన్‌వే మెసేజ్ వస్తే ఒక ఇంటర్‌సెప్టర్ (మెసేజ్ దారి మధ్యలో పనిచేసే ముక్క) రెండు పనులు చేస్తుంది. మొదట మీ డెస్టినేషన్‌ని (మెసేజ్ అందుకునే మీ కోడ్‌ని) బ్యాక్ ఛానెల్ (వెనక్కి పంపే దారి) అడిగి, దాని మీద ఖాళీ జవాబు పంపేస్తుంది. ఆ తర్వాత మిగతా చైన్‌ని, అంటే మీ సర్వీస్ మెథడ్ వరకు ఉన్న పనిని, వర్క్ క్యూలో ఇంకో థ్రెడ్‌కి అప్పగించి ఈ థ్రెడ్‌ని వదిలేస్తుంది. ఇప్పుడు మీ ట్రాన్స్‌పోర్ట్ వైపు నుంచి చూడండి. మీరు అబ్జర్వర్ (మెసేజ్‌ని సీఎక్స్ఎఫ్‌కి అప్పగించే చోటు) మీద ఆన్‌మెసేజ్ పిలిచారు, అది తిరిగొచ్చింది, పని అయిపోయిందనుకుని ఇన్‌పుట్ స్ట్రీమ్ మూసేసి బఫర్‌ని పూల్‌కి ఇచ్చేశారు. రెండు వైపుల మామూలు కాల్‌లో ఇది తప్పు కాదు, అక్కడ ఆన్‌మెసేజ్ తిరిగొచ్చేసరికి మెథడ్ కూడా పూర్తయి ఉంటుంది. వన్‌వేలో మాత్రం అవతలి థ్రెడ్ ఇంకా ఆ స్ట్రీమ్‌నే చదువుతోంది. మెసేజ్ చిన్నదైతే పార్సర్ అప్పటికే అంతా లోపలికి లాగేసుకుని ఉంటుంది, ఏ ఇబ్బందీ కనిపించదు, పెద్దదైతే సగంలో తెగుతుంది, ఈలోపు బఫర్‌లోకి కొత్త మెసేజ్ వచ్చి పడితే దాని ముక్క కనిపిస్తుంది. లోడ్‌తో ఎక్కువవడానికీ అదే కారణం.

సీఎక్స్ఎఫ్ రాసినవాళ్లకి ఈ ప్రమాదం తెలుసు, అందుకే థ్రెడ్ మార్చేముందు స్ట్రీమ్‌లోని డేటా అంతా లాగి దాచుకునే కోడ్ పెట్టారు. కానీ మీరిచ్చిన స్ట్రీమ్ వాళ్ల డెలిగేటింగ్ ఇన్‌పుట్ స్ట్రీమ్ రకం అయితేనే అది పనిచేస్తుంది. హెచ్‌టీటీపీ ట్రాన్స్‌పోర్ట్ ఆ రకంలో చుట్టి ఇస్తుంది, సొంతంగా రాసేవాళ్లు మామూలు స్ట్రీమ్ ఇచ్చేసి దొరికిపోతారు. మీరు కూడా అలా చుట్టొచ్చు. మా మాట వింటే మాత్రం బ్రోకర్ నుంచి వచ్చిన బైట్లని కొత్త బైట్ అర్రేలోకి కాపీ చేసి దాని మీద స్ట్రీమ్ ఇవ్వండి, బరువులో పెద్ద తేడా రాదు, ఇంకెవరి జాగ్రత్త మీదా ఆధారపడక్కర్లేదు. మెసేజ్‌లు మరీ పెద్దవైతే, అంటే స్కాన్ చేసిన ఫైళ్లు మోస్తుంటే, అప్పుడు చుట్టే దారి చూడండి.

థ్రెడ్ మార్చకుండా అదే థ్రెడ్‌లో నడిపించే సెట్టింగ్ కూడా ఉంది. అది పెడితే ఈ బగ్ మాయమైనట్టు కనిపిస్తుంది, కానీ మీ బ్రోకర్ లిజనర్ థ్రెడ్ మెథడ్ పూర్తయ్యేదాకా ఇరుక్కుంటుంది. ఒక విచిత్రం చెప్పాలి, వర్క్ క్యూ నిండిపోతే సీఎక్స్ఎఫ్ తనంతట తానే ఆ పనిని పిలిచిన థ్రెడ్‌లోనే నడిపేస్తుంది. అంటే తీవ్రమైన లోడ్‌లో ఒక్కోసారి బగ్ తగ్గినట్టు కూడా అనిపించవచ్చు, లోడ్ టెస్ట్ గ్రాఫ్ చూసి మోసపోకండి. థ్రెడ్ లోకల్‌లో యూజర్ వివరాలో ట్రాన్సాక్షనో పెట్టుకున్నా ఇదే గొడవ, అవతలి థ్రెడ్‌కి అవి అందవు.

బ్యాక్ ఛానెల్ గురించి కూడా అడిగారు. మీ బ్రోకర్‌లో వెనక్కి పంపే దారి లేనప్పుడు డెస్టినేషన్ నల్ ఇస్తే చాలు, వన్‌వే విషయంలో సీఎక్స్ఎఫ్ దాన్ని ఒప్పుకుంటుంది. దారి ఉంటే మాత్రం కంటెంట్ ఏమీ రాయకుండానే ప్రిపేర్, క్లోజ్ రెండూ పిలుస్తారు, మీ అవుట్‌పుట్ స్ట్రీమ్ ఒక్క బైటు రాయకుండా మూసేసినా పేలకూడదు. క్లయింట్ వైపు కాండ్యూట్‌లో (మెసేజ్ పంపే మీ కోడ్‌లో) ఎక్స్ఛేంజ్‌ని (ఆ కాల్ వివరాలు ఉండే వస్తువుని) వన్‌వేనా అని అడిగే వీలుంది, డబ్ల్యూసీఎఫ్ వాళ్లకి లేని సుఖం ఇది. వన్‌వే అయితే ఖాళీ జవాబుని అబ్జర్వర్‌కి పంపకండి, పంపితే ఖాళీ ఎక్స్‌ఎంఎల్ పార్స్ చేయబోయి అది ఎర్రర్ ఇస్తుంది.

ప్రశ్న: క్లయింట్ కంపెనీ వాళ్లు 202 వచ్చింది కాబట్టి మీ దగ్గర రికార్డు ఉండి తీరాలి అంటున్నారు. మా డేటాబేస్‌లో లేదు. మీటింగుల మీద మీటింగులు. తప్పు ఎవరిది? (డల్లాస్, అమెరికా)

జవాబు: 202 ఆ మాట ఇవ్వదండీ. పెళ్లి శుభలేఖ గుమ్మం దగ్గర తీసుకున్నారంటే అందిందన్నంతవరకే, లోపల చదివారో లేదో, పెళ్లికి వస్తారో లేదో ఆ తీసుకోవడంలో లేదు. హెచ్‌టీటీపీ ప్రమాణమే 202ని కావాలని ఏ హామీ లేని కోడ్‌గా రాసుకుంది. ప్రాసెస్ చేయడానికి తీసుకున్నాం, పూర్తికాలేదు, చివరికి జరగకపోనూ వచ్చు. వెబ్ సర్వీసులకి సంబంధించి డబ్ల్యూఎస్-ఐ సంస్థ నియమాల పత్రం బేసిక్ ప్రొఫైల్ 1.1 ఇంకా సూటిగా చెబుతుంది, అందులో ఆర్2727 అనే నియమం ప్రకారం వన్‌వే ఆపరేషన్‌లో 200ల వరస స్టేటస్ వస్తే మెసేజ్ సరైనదనో, అవతలివాళ్లు దాన్ని ప్రాసెస్ చేస్తారనో క్లయింట్ అర్థం తీసుకోకూడదు. మీటింగుకి ఆ నియమం ప్రింట్ తీసుకెళ్లండి.

వాదనలో మీరు గెలిచినా రికార్డు మాత్రం పోయింది కదా. కాబట్టి అసలు ప్రశ్న, క్లయింట్‌కి ఏం తెలియాలి? సేవ్ అయిందో లేదో తెలియాలంటే ఆ మెథడ్ అసలు వన్‌వేగా ఉండకూడదు. వాయిడ్ చేసి రెండు వైపులదిగా మార్చేయండి, మాకు తెలిసినంతలో సగం గొడవలు అక్కడే తీరిపోతాయి. మార్చడం కుదరకపోతే, కాంట్రాక్టు ఇంకెవరి చేతిలోనో ఉంటే, రెండు దారులున్నాయి. సీఎక్స్ఎఫ్ వాడేవాళ్లు రోబస్ట్ వన్‌వే అన్న ప్రాపర్టీ పెట్టుకోవచ్చు, అప్పుడు మెథడ్ పూర్తయ్యాకే 202 వెళ్తుంది, మధ్యలో పడిపోతే ఫాల్ట్ వెళ్తుంది. డబ్ల్యూఎస్‌డీఎల్ 2.0లో దీనికి రోబస్ట్ ఇన్-ఓన్లీ అని పేరుపెట్టి ప్రత్యేక ప్యాటర్నే ఉంది. డబ్ల్యూసీఎఫ్‌లో అలాంటి స్విచ్ లేదు, పైన చెప్పినట్టు మెథడ్‌కి ముందే రిప్లై నల్ పిలుస్తుంది. అక్కడ మీ ట్రాన్స్‌పోర్టే మెసేజ్ అందగానే డిస్క్ మీదకో టేబుల్‌లోకో బైట్లు రాసి, ఆ తర్వాత పైకి అప్పగించాలి. అప్పుడు మీ సున్నా ఫ్రేముకి "రాసిపెట్టుకున్నాం" అనే అర్థమైనా వస్తుంది. బిజినెస్ రూల్ దగ్గర తిరస్కరించిన సంగతి దాంతో కూడా తెలీదు, దానికి వేరే మెసేజ్ వెనక్కి పంపాల్సిందే.

డబ్ల్యూఎస్-రిలయబుల్ మెసేజింగ్ పెడితే సరిపోదా అని మీ మెయిల్ చివర్లో ఉంది. మెసేజ్ అవతలి వైపు చేరిందా లేదా, వరస తప్పిందా అన్నంతవరకు అది చూసుకుంటుంది, డేటాబేస్‌లో సేవ్ అయిందా అన్నది దాని పరిధి కాదు.

ప్రశ్న: వన్‌వే చేస్తే కాల్ వెంటనే తిరిగొచ్చేయాలి కదా, మాది ఇంకా సెకన్ల కొద్దీ ఆగుతోంది. (బెంగళూరు నుంచి ఓ పాఠకురాలు)

జవాబు: వన్‌వే అంటే ఎసింక్ (పిలిచి ఆగకుండా ముందుకు సాగడం) అనుకోవడం వల్ల వచ్చిన ఆశ అది. జవాబు మెసేజ్ రాదన్నంతవరకే ఆ మాటకి అర్థం. హెచ్‌టీటీపీ మీద అయితే వన్‌వే కాల్ కూడా హెచ్‌టీటీపీ రెస్పాన్స్ వచ్చేదాకా లేదా ఎర్రర్ వచ్చేదాకా ఆగి తీరాలని జాక్స్-డబ్ల్యూఎస్ స్పెసిఫికేషనే రాసింది. డబ్ల్యూసీఎఫ్‌లో క్లయింట్ మెసేజ్‌ని తీగ మీదకి రాసేదాకా ఆగుతుంది, సర్వర్ చదవకుండా ఉంటే టీసీపీ బఫర్లు నిండి ఆ రాయడమే ఆగిపోతుంది. మీ సర్వీస్‌లో సెషన్ ఉండి కాన్‌కరెన్సీ సింగిల్‌గా ఉందని రాశారు, అప్పుడు మొదటి వన్‌వే పని నడుస్తుండగా రెండోది క్యూలో నిలబడుతుంది, క్యూ పెరిగేకొద్దీ ఆ ఒత్తిడి క్లయింట్ దాకా వస్తుంది. సెషన్ అవసరం లేకపోతే తీసేయండి. అవసరమైతే మెథడ్‌లో బరువైన పనిని మీ సొంత క్యూలోకి నెట్టి వెంటనే బయటికి రండి.

సెషన్ ఉన్నవాళ్లకి ఇంకో చిక్కు కూడా ఉంది. వన్‌వే మెథడ్‌లో పట్టుకోని ఎక్సెప్షన్ వస్తే ఆ కాల్ చేసిన క్లయింట్‌కి ఏమీ తెలీదు, కానీ ఛానెల్ ఫాల్ట్ స్థితిలోకి వెళ్లిపోవచ్చు, తర్వాతి కాల్ ఏ సంబంధమూ లేకుండా పడిపోతుంది. పడ్డ కాల్‌ని డీబగ్ చేస్తూ కూర్చోకండి, దానికి ముందు వెళ్లిన వన్‌వేని చూడండి.

ప్రశ్న: అంగీకారం రాకపోతే మా క్లయింట్ మళ్లీ పంపుతుంది. దాంతో కొన్ని ఆర్డర్లు రెండుసార్లు పడుతున్నాయి. మళ్లీ పంపడం మానేద్దామా? (తిరుపతి)

జవాబు: మానేస్తే పోయినవి పోతాయి. మెసేజ్ చేరి, అంగీకారం మధ్యలో పోయిందా, లేక మెసేజే చేరలేదా అన్నది పంపేవైపు నుంచి కనిపెట్టడం కుదరదు, ఎంత తెలివిగా ప్రోటోకాల్ రాసినా. కాబట్టి మళ్లీ పంపండి, అందుకునేవైపు రెండోసారి వచ్చినదాన్ని గుర్తుపట్టండి. దానికి డబ్ల్యూఎస్-అడ్రెసింగ్‌లో మెసేజ్ ఐడీ హెడర్ ఉంది. ఇక్కడ జనం చేసే తప్పు ఒకటుంది. మళ్లీ పంపే కోడ్‌ని ప్రాక్సీ మెథడ్ చుట్టూ పెడతారు, దాంతో ప్రతిసారీ కొత్త మెసేజ్ తయారై కొత్త ఐడీ వస్తుంది, సర్వర్‌కి అవి రెండు వేర్వేరు ఆర్డర్లు. మళ్లీ పంపడం ట్రాన్స్‌పోర్ట్ లోపల, ఎన్‌కోడ్ అయిన అవే బైట్లతో జరగాలి. అలా కుదరకపోతే ఆర్డర్ నంబరు లాంటి మీ సొంత గుర్తునే వాడి, ఆ కాలమ్ మీద యూనిక్ ఇండెక్స్ పెట్టండి. 'ముందు ఉందో లేదో వెతికి, లేకపోతే చేర్చు' అని రెండు మెట్లలో రాయకండి, రెండు కాపీలు ఒకేసారి వస్తే రెండూ లేదనే అనుకుంటాయి.

ఎన్నిసార్లు ప్రాసెస్ చేసినా పడిపోయే మెసేజ్‌లకి కూడా ఒక చోటు ఉండాలి, లేకపోతే ఒక్క చెడ్డ మెసేజ్ క్యూ మొత్తాన్ని ఆపేస్తుంది. డబ్ల్యూసీఎఫ్‌లో ఎంఎస్ఎంక్యూ (మైక్రోసాఫ్ట్ మెసేజ్ క్యూ) బైండింగ్ ఎలా చేస్తుందో చూడండి, దాని మీద కాంట్రాక్టులో అన్నీ వన్‌వేగానే ఉండాలన్నది నియమం కూడా. మీరేమీ మార్చకపోతే 5 సార్లు మళ్లీ ప్రయత్నిస్తుంది, తర్వాత 30 నిమిషాల విరామంతో 2 చక్రాలు తిప్పుతుంది, అప్పటికీ పడిపోతే పక్కకి తీసేస్తుంది లేదా లిజనర్‌నే ఆపుతుంది, ఏది కావాలో మీరు చెప్పుకోవాలి. మీ ట్రాన్స్‌పోర్ట్‌లో అంకెలు వేరే పెట్టుకోండి, నిర్ణయం మాత్రం ముందే తీసుకోండి.

ప్రశ్న: పాత డబ్ల్యూసీఎఫ్ సొంత ఛానెల్‌ని కోర్ డబ్ల్యూసీఎఫ్‌కి (కొత్త డాట్‌నెట్ మీద నడిచేలా చేసిన డబ్ల్యూసీఎఫ్) ఉన్నదున్నట్టు తీసుకెళ్లొచ్చా? (వరంగల్)

జవాబు: క్లయింట్ వైపు చాలా వరకు వస్తుంది, సర్వర్ వైపు రాదు. పాతదాంట్లో డబ్ల్యూసీఎఫ్ మీ లిజనర్ దగ్గరికి వచ్చి మెసేజ్ ఉందా అని అడిగి తీసుకెళ్తుంది, 2022లో 1.0 వచ్చిన కోర్ డబ్ల్యూసీఎఫ్‌లో మీరే మెసేజ్‌ని లోపలికి నెట్టాలి. వన్‌వేలే ఉండి లోపల క్యూ ఉంటే సొంతంగా రాసేముందు వాళ్ల క్యూ ట్రాన్స్‌పోర్ట్ ఆధారం చూడండి, ర్యాబిట్‌ఎంక్యూ, కాఫ్కాలకి దాని మీద కట్టినవి ఉన్నాయి.

ప్రశ్న: ఇదంతా సరిగా ఉందో లేదో టెస్ట్ చేయడం ఎలా? మా యూనిట్ టెస్టులన్నీ పచ్చగానే ఉన్నాయి, ప్రొడక్షన్‌లో మాత్రం పడుతోంది. (గుంటూరు)

జవాబు: మీ టెస్టుల్లో క్లయింట్, సర్వర్ ఒకే ప్రాసెస్‌లో, చిన్న మెసేజ్‌తో నడుస్తున్నాయని మీరు పంపిన కోడ్‌లో కనిపించింది. సీఎక్స్ఎఫ్ లోకల్ ట్రాన్స్‌పోర్ట్ మీద నడిపినా ఇంతే, మీరు రాసిన ఫ్రేమింగ్‌ని అది తాకనే తాకదు. సర్వర్‌ని విడిగా నడపండి, క్లయింట్ బదులు మామూలు సాకెట్ ప్రోగ్రాంతో బైట్లు పంపి వెనక్కి ఏం వస్తుందో బైటు బైటుగా చూడండి. వన్‌వేకి సున్నా ఫ్రేము ఒక్కటే రావాలి, ఒక్క బైటు ఎక్కువ వచ్చినా అది అదే కనెక్షన్ మీద తర్వాతి కాల్‌కి జవాబులా చదవబడుతుంది. అందుకే ఒకే కనెక్షన్ మీద వన్‌వే, రెండు వైపులది, మళ్లీ వన్‌వే అని కలిపి పంపే టెస్ట్ తప్పకుండా ఉండాలి.

మెసేజ్ సైజు మీ బఫర్ కంటే పెద్దదిగా పెట్టి, సర్వీస్ మెథడ్ మొదట్లో రెండు సెకన్లు నిద్రపుచ్చి, ఆ రెండు సెకన్లలో ఇంకో మెసేజ్ పంపండి, విశాఖ పాఠకుడి బగ్ మీ దగ్గరుంటే అప్పుడు బయటపడుతుంది. మెథడ్ లోపల కావాలని ఎక్సెప్షన్ విసిరి క్లయింట్‌కి ఏం కనిపిస్తుందో, తర్వాతి కాల్ నడుస్తుందో లేదో చూడండి. చివరగా సర్వర్ మెసేజ్ చదివాక, సున్నా రాయకముందు ప్రాసెస్‌ని చంపేయండి. క్లయింట్‌లో అది ఎర్రర్‌గా రావాలి. నల్ తిరిగొచ్చి కాల్ సక్సెస్ అన్నట్టు కనిపిస్తే మీ చదివే కోడ్ కనెక్షన్ ముగింపుని సున్నా పొడవుగా లెక్కేస్తోందన్నమాట, నాలుగు బైట్లూ నిజంగా వచ్చాయో లేదో చూసే చెక్ అక్కడ పెట్టండి.